కారు గడపకి లైట్లు: నాలుగేళ్లు వాడాక

మా కారు 2016 మోడల్ స్విఫ్ట్, పెట్రోలు. దానికి లైట్లు వెలిగే సిల్ ప్లేట్లు పెట్టించి నాలుగేళ్లు దాటింది. కారు ఎక్కేటప్పుడు కాలు తగిలే గడప ఉంటుంది కదా, దాని మీద అతికించే స్టీలు పట్టీలివి. తలుపు తీయగానే మధ్యలో కారు పేరు వెలుగుతుంది. షాపులో స్కఫ్ ప్లేట్లని అడిగినా, ఫుట్‌స్టెప్ లైట్లని అడిగినా ఇవే తీసి చూపిస్తారు.

కొనొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కొనొచ్చు. కానీ ప్లేట్ల మీద పెట్టే డబ్బులో సగానికి తగ్గకుండా వైరింగ్‌కి కూడా పెట్టేట్టయితేనే కొనండి. ఈ నాలుగేళ్లలో నాకొచ్చిన తలనొప్పుల్లో ప్లేట్ల వల్ల వచ్చినవి తక్కువ. వాటిని బిగించిన తీరు వల్ల వచ్చినవే ఎక్కువ.

షోకు కోసం కొనలేదంటే ఎవరూ నమ్మరు గానీ, సగం షోకే. మిగతా సగం అవసరం. స్విఫ్ట్‌లో గడప మీద ఉండేది నల్ల ప్లాస్టిక్ ట్రిమ్, అంటే తొడుగు. పిల్లల స్కూలు బూట్లు, చెప్పులకి అంటుకొచ్చే ఇసుక, కూరగాయల సంచీ ఈడ్చిన గీతలు, ఇవన్నీ పడి డ్రైవర్ పక్కది బూడిద రంగుకి తిరిగింది. ఒకసారి తెల్లబడ్డ ప్లాస్టిక్‌ని ఏ పాలిష్ పెట్టినా నాలుగు రోజులే. దాని మీద స్టీలు పట్టీ వేస్తే గీతలు కప్పబడిపోతాయి, కొత్తవి పడవు. ఈ పని లైటు లేని మామూలు ప్లేటు కూడా చేస్తుంది, అది ముందే చెప్పుకోవాలి.

లోపల ఏముంటుందో నేను ఒకటి విప్పించి చూశాను. పైన మిల్లీమీటరు కూడా ఉండని స్టీలు రేకు, అందులో అక్షరాల ఆకారంలో కోత. దాని కింద అక్రిలిక్ పట్టీ. అక్రిలిక్ అంచున సన్నటి ఎల్ఈడీ స్ట్రిప్. వెలుగు అంచులోంచి అక్రిలిక్‌లోకి దూరి, అక్షరాల దగ్గర గరుకు చేసిన చోట పైకి చిమ్ముతుంది. అన్నిటికంటే కింద ఫోమ్ టేపు. ఇంతే సరంజామా. స్ట్రిప్‌లో ఎల్ఈడీలు మూడేసి చొప్పున ఒక గుంపుగా ఉంటాయి, ఒక్కో గుంపుకి ఒక రెసిస్టర్. తెల్లవైనా నీలంవైనా ఒక్కో ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. మూడూ వరసగా కలిపితే తొమ్మిది చిల్లర, మిగిలిన వోల్టుల్ని రెసిస్టర్ తింటుంది. ఇక్కడే చౌక సరుకు దొరికిపోతుంది. మనం 12 వోల్టులంటాం గానీ ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడు కారులో కరెంటు 14 వోల్టులు దాటుతుంది. 12కి లెక్కేసి రెసిస్టర్ పెట్టినవాటిలో ఎల్ఈడీలు మోయాల్సినదానికంటే ఎక్కువ మోసి, వేడెక్కి, ముందే పోతాయి.

రంగు సంగతి. నేను తీసుకున్నవి నీలం. షాపులో అవే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాయి, ధర కూడా తెల్లవాటికంటే కాస్త తక్కువ. అయితే రాత్రి చీకట్లో తలుపు తీసినప్పుడు నీలం లైటు అక్షరాల్ని చూపిస్తుందే గానీ కింద నేలని చూపించదు. మా బావమరిది కారుకి తెల్లవి ఉన్నాయి. వాటి వెలుగులో గడప అంచు ఎక్కడుందో, కాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పెద్దవాళ్లు ఎక్కే కారైతే తెల్లవే తీసుకోండి. రంగులు మారేవి, పాములా పరుగెత్తేవి కూడా వస్తున్నాయి. వాటి గురించి నేనేమీ అనను, పెళ్లి ఊరేగింపుకి పనికొస్తాయేమో.

ఇక అసలు కథ వైరింగ్.

ప్లేట్లు కొన్న యాక్సెసరీస్ షాపులోనే మొదట బిగించారు. కుర్రాడు చకచకా నాలుగూ అతికించేశాడు. డోర్ స్విచ్ వైరు పైతొడుగు బ్లేడుతో గీకి, ఎల్ఈడీ వైరుని దాని చుట్టూ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. ప్లస్ వైరుని ఫ్యూజ్ బాక్స్ దగ్గర ఎప్పుడూ కరెంటుండే చోట గుచ్చాడు. తలుపు తీస్తే వెలిగింది, మూస్తే ఆరింది. పట్టపగలు షాపు ముందు చూస్తే లోపమేమీ కనబడలేదు.

రెండు రాత్రులు కాకముందే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పైకొచ్చి, "సార్, మీ కారులో ఏదో నీలంగా వెలుగుతోంది, చూసుకోండి" అన్నాడు. సెల్లార్‌లోకి దిగి చూస్తే నిజమే. తలుపులన్నీ మూసి, లాక్ చేసి ఉన్నా అక్షరాలు సన్నగా వెలుగుతున్నాయి. వెలుగు అనడానికి లేదు, నిప్పు కణిక మీద బూడిద కమ్మినంత మసక. కానీ ఆరిపోలేదు.

దీని కారణం విజయవాడ ఆటోనగర్‌లో తెలిసింది. లారీలకి బాడీ కట్టే చోటికి ఈ చిన్న పని పట్టుకెళ్తే నవ్వుతారేమో అనుకుంటూనే వెళ్లాను. అక్కడ పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన, మా మేనమామకి తెలిసినవాడు. టేపు విప్పి చూసి, "ఇది తలుపు వైరు బాబూ. కబురు చెప్పే వైరు. దీని మీద బరువు వేస్తారా ఎవరైనా?" అన్నాడు.

బి-పిల్లర్ మీద, అంటే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉండే స్తంభం మీద, రబ్బరు టోపీ పెట్టుకున్న చిన్న బటన్ ఉంటుంది. తలుపు మూస్తే లోపలికి నొక్కుకుంటుంది, తీస్తే బయటికొస్తుంది. బయటికొచ్చినప్పుడు దాని వైరు కారు బాడీకి, అంటే ఎర్త్‌కి కలుస్తుంది. ఆ వైరు రెండో కొస కంట్రోల్ యూనిట్‌లో, అంటే కారు లైట్లూ తలుపుల సంగతీ చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బాలో ఉంటుంది. తలుపు తీశారని దానికి తెలియజేయడమే ఈ వైరు పని, లైటుకి కరెంటు మోయడం కాదు. ఆయన మీటరు పెట్టి చూపించాడు: తలుపు మూసి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ ప్లస్‌కీ ఆ వైరుకీ మధ్య కొన్ని వోల్టుల తేడా ఉంది. బల్బుని వెలిగించడానికి ఆ తేడా చాలదు. ఎల్ఈడీకి మాత్రం మిణుకుమనడానికి చాలు. పాత బల్బుల కాలం నాటి పద్ధతినే కుర్రాడు ఎల్ఈడీకీ వాడేశాడన్నమాట.

దీనికి రెండు దారులు చెప్పాడు. ఒకటి, మధ్యలో రిలే (కొద్ది కరెంటుతో ఎక్కువ కరెంటుని కలిపే స్విచ్) పెట్టి తలుపు వైరు మీద బరువు తగ్గించడం. రెండోది, రూఫ్ లైటు వైరు పట్టుకోవడం. రెండోదే చేయించాను, ఇప్పటికీ అదే మేలంటాను. మా కారులో రూఫ్ లైటుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, మైనస్‌ని కంట్రోల్ యూనిట్ కలుపుతుంది, విడదీస్తుంది. ఆ మైనస్‌ని స్టీరింగ్ కింద ఉన్న కనెక్టర్ దగ్గరే పట్టుకున్నాడు, పైనుంచి వైరు దించే పని లేకుండా. దీనివల్ల ఒక అందం కూడా కలిసొచ్చింది. తలుపు మూశాక రూఫ్ లైటు ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఆరుతుంది కదా, గడప లైట్లు కూడా దానితో పాటే మెల్లగా ఆరతాయి. ఇది చూసే మా అబ్బాయి తలుపు పదిసార్లు తీసి వేశాడు.

దీనికో చిన్న ఇబ్బంది ఉంది. ఏ తలుపు తీసినా నాలుగు ప్లేట్లూ వెలుగుతాయి. తీసిన తలుపుదే వెలగాలంటే తలుపుకొక రిలేనో, కనీసం కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడో పెట్టాలి. డయోడ్ లేకుండా నాలుగు తలుపుల వైర్లూ ఒకచోట కలిపేస్తే ఒక తలుపు కబురు మరో తలుపు వైరులోకి పారుతుంది. నాకైతే నాలుగూ వెలగడం బాగానే ఉంది.

ఆయన పనికీ షాపు కుర్రాడి పనికీ తేడా ఎక్కడ కనిపించిందంటే, ప్లేటు కింద నుంచి వైరు బయటికొచ్చే చోట. కుర్రాడు వైరుని ట్రిమ్‌కీ డోర్ బీడింగ్‌కీ మధ్య సందులో దూర్చాడు. బీడింగ్ రబ్బరు ఆ ఒక్కచోట కొంచెం ఎత్తుగా నిలబడింది. వాన పడితే నీళ్లు లోపలికి రావడానికి అంత సందు చాలు, పైగా తలుపు వేసిన ప్రతిసారీ వైరు నలుగుతుంది. పెద్దాయన ట్రిమ్‌ని పూర్తిగా ఊడదీసి, బల్ల మీద పెట్టి, సరిగ్గా వైరు దిగే చోట చిన్న రంధ్రం వేశాడు. రంధ్రం అంచు ప్లాస్టిక్ పొరల్ని కత్తితో గీకి నున్నగా చేసి, అందులో వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్, అంటే రబ్బరు రింగు ఎక్కించాడు. వైరు దానిలోంచి కిందికి దిగి, కారులో ముందునుంచీ ఉన్న వైర్ల కట్ట పక్కనే పోయింది. పైన చూస్తే వైరు ఆనవాలే లేదు. అతుకులన్నీ సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాడు. నల్ల టేపు మన ఎండలకి జిగురు కారిపోయి విచ్చుకుంటుంది, ఇంట్లో ఫ్యాను వైరుకి చుట్టినట్టు కారులో చుట్టకూడదు. ప్లస్ దగ్గర రెండు ఆంప్స్ ఫ్యూజ్ హోల్డర్ పెట్టాడు. నాలుగు ప్లేట్లూ కలిపి అర ఆంపు అటూ ఇటూ తీసుకుంటాయి, రెండు ఆంప్స్ ఫ్యూజ్ ధారాళంగా సరిపోతుంది. వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజ్ పోతుంది. ఫ్యూజ్ లేకపోతే వైరు కాలుతుంది.

సొంతంగా చేసుకునేవాళ్లకి ఒక మాట. గడప ట్రిమ్ కింద పసుపు రంగు స్లీవ్‌తోనో, పసుపు కనెక్టర్‌తోనో కనిపించే వైర్ల జోలికి పోవద్దు. అవి ఎయిర్‌బ్యాగ్‌లవీ, గుద్దుకున్నప్పుడు సీట్ బెల్ట్‌ని బిగించే ప్రీటెన్షనర్లవీ వైర్లు. వాటిని టెస్ట్ ల్యాంపుతో గుచ్చడం ఆటలు కాదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగాలి. ట్రిమ్ క్లిప్పులు కూడా ఒకటో రెండో విరుగుతాయి, ముందే కొత్తవి కొని దగ్గర పెట్టుకుంటే మంచిది. క్లిప్పు లేకుండా బిగిస్తే ట్రిమ్ కిర్రుమంటుంది, ఆ చప్పుడు ఎక్కడిదో వెతకడం మొదలుపెడితే ఆదివారం గడిచిపోతుంది.

నాకు ప్లేట్లకి 1,800 అయింది, ఆటోనగర్‌లో 1,200 తీసుకున్నాడు. షాపులో బిగింపు ఉచితం అన్నారు కాబట్టి అక్కడ పోయిందేమీ లేదు, రెండు రాత్రుల టెన్షన్ తప్ప.

అతికించడం గురించి ఇప్పుడు. విజయవాడలో మే నెలలో బయట 44, 45 డిగ్రీలుంటే, ఎండలో నిలబెట్టిన కారు లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కిట్‌తో వచ్చిన తెల్ల ఫోమ్ టేపు మొదటి వేసవిలోనే మెత్తబడింది. డ్రైవర్ వైపు ప్లేటు ఒక కొస పైకి లేచింది, గోరు దూరేంత. దాన్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చు అనిపిస్తుంది, కానీ ఆ రేకు అంచు పదును. మా ఆవిడ చున్నీ ఒకసారి, అత్తయ్యగారి చీర అంచు ఒకసారి పట్టుకుంది. పట్టుచీర అయితే ఆ రోజు ఇంట్లో ఏం జరిగేదో ఊహించుకోవడం ఇష్టం లేదు.

నాలుగూ ఊడదీసి, త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ అనే గట్టి రెండువైపుల టేపు వేయించాను. దాంతో మళ్లీ ఏదీ లేవలేదు. ఈ టేపు బలం దానిలో సగం, అతికించే పద్ధతిలో సగం. వేసిన ఇరవై నిమిషాలకి దాని పట్టు సగమే వస్తుంది, రోజు గడిస్తే తొంభై శాతం, పూర్తిగా రావడానికి మూడు రోజులు. అంటే అతికించగానే కాలేసి తొక్కి చూడటం, సాయంత్రమే కారు కడిగించడం పనికిరావు. అతికించే ముందు ట్రిమ్ మీద ఉన్న పాలిష్ జిడ్డు మొత్తం పోవాలి. కార్ వాష్‌లో డాష్‌బోర్డుకీ గడపకీ కలిపి మెరిసే ద్రావకం ఒకటి పూస్తారు చూడండి, దాని మీద ప్రపంచంలో ఏ టేపూ నిలవదు. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, ఆరాక అతికించాలి. అయితే ఆ ఆల్కహాల్ ప్లాస్టిక్ ట్రిమ్‌కే, అక్షరాల మీద పోయొద్దు. అక్రిలిక్‌కి ఆల్కహాల్, థిన్నర్, పెట్రోలు తగిలితే వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, వెలుగు ఆ పగుళ్లలో చిక్కుకుని అక్షరం మసకబారుతుంది.

ప్లేటు పైన వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర తీసేయండి. సీట్ల కవర్లు చిరిగేదాకా ఉంచుకునే అలవాటు మనది, దీన్ని కూడా అలాగే ఉంచేస్తారు. ఎండకి అది బుడగలు లేచి, అంచుల్లో మట్టి పట్టి, పసుపు రంగుకి తిరుగుతుంది. తర్వాత తీద్దామంటే ముక్కలు ముక్కలుగా ఊడుతుంది.

రోజువారీ వాడకంలో ఎలా ఉంటాయంటే, పగలు వీటి ఉనికే తెలియదు. రాత్రిపూట వీధి దీపాలు లేని చోట కారు ఆపినప్పుడు కాస్త ఉపయోగం. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. గడప ఎత్తు కనిపించడం వల్ల కాలు తగిలించుకోకుండా ఎక్కుతుంది. కానీ ఆమె చచ్చినా ప్లేటు మీద కాలు పెట్టదు. గడప తొక్కకూడదంటుంది, ఇంటిదైనా కారుదైనా ఒకటే అంటుంది. నిజానికి ఈ విషయంలో అమ్మ మాట వినడమే మంచిది. వానాకాలంలో తడి చెప్పుతో నున్నటి స్టీలు మీద అడుగేస్తే సర్రున జారుతుంది. పైన కారియర్ మీద సామాను కట్టడానికి గడపెక్కి నిలబడేవాళ్లుంటారు, వాళ్లకి ముందే చెప్పాలి. కొనేటప్పుడు అద్దంలా మెరిసేవి కాకుండా బ్రష్డ్ ఫినిష్‌వి, పక్కల గీతలో రబ్బరు చుక్కలో ఉన్నవి తీసుకోండి. జారడం తగ్గుతుంది, గీతలు కూడా అంతగా కనపడవు.

దసరాకి మా ఇంట్లో కారుకి ఆయుధ పూజ గట్టిగానే జరుగుతుంది. నిమ్మకాయలు, గుమ్మడికాయ, బానెట్ మీద కుంకుమ బొట్లు, ఇవన్నీ అందరికీ ఉండేవే. అమ్మ దృష్టిలో ప్లేట్లు గడపలు కాబట్టి వాటికి కూడా పసుపు రాసి బొట్లు పెట్టింది. స్టీలు మీది పసుపు మర్నాడే పోయింది. అక్షరాల కోతలో ఇరుక్కున్నది పోలేదు. ఆ తర్వాత చాలా వారాలు నీలం లైటు ఆకుపచ్చగా వెలిగింది, ఇంట్లో ఇదే బాగుందన్నవాళ్లు కూడా ఉన్నారు. పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్లు పెట్టి మెల్లగా రుద్దితే వదిలింది. ఇప్పుడు పూజకి ముందు అక్షరాల మీద సెల్లోటేపు ముక్క అతికిస్తున్నాను. బొట్లు స్టీలు మీద పెడుతుంది, ఎవరికీ అభ్యంతరం లేదు.

మూడో ఏడాది డ్రైవర్ వైపు ప్లేటులో మొదటి రెండు అక్షరాలు ఆరిపోయాయి. మూడు ఎల్ఈడీలూ వరసగా కలిపి ఉంటాయని పైన చెప్పాను కదా, అందుకే గుంపులో ఒకటి పోతే మూడూ ఆరిపోతాయి, అదే జరిగింది. ఇంగ్లీషులో రాసిన స్విఫ్ట్‌లో ఎస్, డబ్ల్యూ పోయి ఐ, ఎఫ్, టి మిగిలాయి. పక్కింటి పిల్లాడు "అంకుల్, ఐఎఫ్‌టీ అంటే ఏ కంపెనీ?" అని అడిగాడు. నాలుగు ప్లేట్లలో ఎక్కువగా వెలిగేదీ, ఎక్కువ తొక్కుళ్లు తినేదీ అదే కాబట్టి అదే ముందు పోవడంలో వింత లేదు.

అమ్మిన షాపులో అడిగితే ఒక్కటి విడిగా దొరకదు, సెట్టు కొనాలన్నారు. దాదాపు ఎక్కడైనా ఇదే మాట. ఆటోనగర్ పెద్దాయన మాత్రం, "స్ట్రిప్ మారిస్తే సరి, ప్లేటుకేమైంది?" అన్నాడు. వీహెచ్‌బీ టేపుతో అతికించినదాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే రేకు వంగిపోతుంది, మళ్లీ తిన్నగా కాదు. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, గాలానికి కట్టే నైలాన్ దారం ప్లేటు కింద దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ కోశాం. నిదానంగా చేస్తే ప్లేటు వంగకుండా వస్తుంది. స్ట్రిప్ మార్చి, చివర్లలో సిలికాన్ పెట్టి మూశాడు. ఇప్పుడు ఆ ప్లేటు మిగతా మూడింటికంటే కొంచెం ఎక్కువ వెలుగుతుంది. పట్టి పట్టి చూస్తేనే తెలుస్తుంది, నాకు తప్ప ఎవరికీ పట్టింపు లేదు.

వైరు గొడవే వద్దనుకునేవాళ్లకి వైర్‌లెస్‌వి ఉన్నాయి. మా బావమరిది అవే పెట్టుకున్నాడు. ప్లేటులో చిన్న రీచార్జబుల్ బ్యాటరీ, తలుపు అడుగున అతికించే అయస్కాంతం. తలుపు మూసి ఉన్నంతసేపూ అయస్కాంతం దగ్గరగా ఉండి లైటుని ఆపి ఉంచుతుంది. బిగించడం నిజంగానే తేలిక, ఎవరి సాయం అక్కర్లేదు. కానీ అయస్కాంతం ఊడి పడిపోతే లైటు ఆరనే ఆరదు, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. చార్జింగ్ కోసం ప్లేట్లని ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోవడం మొదట్లో సరదాగానే ఉంటుంది. తర్వాత చార్జి చేయడం మానేస్తారు, అతనూ మానేశాడు. ఎండలో నిలబెట్టిన కారులో లిథియం బ్యాటరీ ఉండటం కూడా నాకు నచ్చని సంగతి. అతని ప్లేట్లలో ఒకటి పొట్ట ఉబ్బి గడప మీద ఆనకుండా నిలబడింది. అద్దె కారుకో, త్వరలో అమ్మేసే కారుకో వైర్‌లెస్‌వి సరిపోతాయి. పదేళ్లు ఉంచుకునే కారుకి వద్దు.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా బావమరిది కారు సింగ్‌నగర్‌లో నీళ్లలో ఉండిపోయింది. మా వీధికి నీళ్లు రాలేదు. ఆ తర్వాత దాన్ని బాగుచేయించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. సీట్లు, కార్పెట్లు బయటికి తీయాలంటే ముందు గడప ట్రిమ్‌లు ఊడాలి. అతని వెనక ప్లేట్లు సగం ట్రిమ్ మీద, సగం పెయింటు వేసిన బాడీ రేకు మీద పడేట్టు అతికించి ఉన్నాయి. ట్రిమ్ తీయాలంటే ప్లేటు పీకాలి, పీకితే పెయింటు లేచింది. అలా లేచిన చోట తుప్పు మొదలవడానికి ఎంతో కాలం పట్టదు. ప్లేటు మొత్తం ట్రిమ్ మీదే ఉంటే, దానితో పాటే ఊడి వస్తుంది. వైరున్నదైతే ట్రిమ్ కింద ఒక చిన్న కనెక్టర్ కూడా పెట్టించాలి, లాగితే విడిపోయేట్టు. మా ఇంటికి వచ్చాక నావి చూసుకున్నాను. నాలుగూ ట్రిమ్ మీదే ఉన్నాయి. కనెక్టర్లు కూడా పెద్దాయన అడక్కుండానే పెట్టాడు.

బ్యాటరీ దిగిపోతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. అర ఆంపు చొప్పున రాత్రంతా పది గంటలు వెలిగినా ఐదు ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). నా కారులో ఉన్నది 35 ఏహెచ్ బ్యాటరీ. కొత్తదైతే పొద్దున్నే స్టార్ట్ అవుతుంది, మూడేళ్లు దాటినదైతే చెప్పలేం. రూఫ్ లైటు వైరు నుంచి తీసుకుంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. వ్యాక్యూమ్ చేయడానికి తలుపులన్నీ బార్లా తీసిపెట్టే ఆదివారాల్లో మాత్రం నేను ఫ్యూజ్ తీసి పక్కన పెడతాను. స్టీరింగ్ కింద చేతికి అందే చోటే ఉంది.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి పెద్దగా లేవు. జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్లండి. 304 రకం స్టీలుకి అది గట్టిగా అంటుకోదు. గట్టిగా అంటుకుంటే అది నాసిరకం రేకు, తేమకి మచ్చలొచ్చే అవకాశం ఎక్కువ. వేలు అంచుల వెంట నడిపి చూడండి, గీసుకునేలా ఉంటే వద్దు. మీ కారు మోడల్‌కీ, ఏడాదికీ సరిపోయేదేనా అని డబ్బాలోంచి తీసి గడప మీద పెట్టి చూడండి. పేరు అదే అయినా 2018లో వచ్చిన కొత్త స్విఫ్ట్ ప్లేట్లు మా కారు గడప వంపు మీద కూర్చోవు. లైటు వెలిగించి చూపించమనండి, అన్ని అక్షరాలూ ఒకేలా వెలగాలి.

వచ్చే ఏడాది కారు మార్చే ఆలోచన ఉంది. కొత్తదానికి డీలర్ దగ్గర దొరికే కంపెనీ ప్లేట్లే తీసుకుంటాను. ధర ఎక్కువే, కానీ గడప వంపుకి సరిగ్గా కూర్చుంటాయి, వారంటీ ఉన్నన్నాళ్లు వైరు కోయనివ్వకూడదు కూడా. బిగించేటప్పుడు వైరు ఎక్కడ కలుపుతున్నారో పక్కన నిలబడి చూస్తాను. లైట్లున్నవి ముందు రెండు తలుపులకే. వెనక తలుపులకి మామూలు స్టీలువి చాలు. బూటు దెబ్బలన్నీ తినేది ఆ వెనక గడపలే, వైరు దూరం ఎక్కువయ్యేదీ వాటికే, పిల్లలు ఎక్కే హడావుడిలో అక్కడ ఏం వెలిగిందో చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.